టేపు అయిపోయిన చోట

మా ఇంటి అటక మీద ఇప్పటికీ ఒక వీహెచ్ఎస్ క్యాసెట్టు ఉంది. దాని అంచున అంటించిన తెల్లకాగితం మీద మావారి గుండ్రటి అక్షరాల్లో ఒక తెలుగు సినిమా పేరు, దాని కింద నా రాతలో ‘గద్ద’ అన్న ఒక్క మాట ఉంటాయి. ఆ రెండో సినిమా అసలు పేరు ‘నైట్ ఆఫ్ ది ఈగిల్’. 1962లో బ్రిటన్‌లో తీసిన నలుపు తెలుపుల భయానక చిత్రం. 1990 చలికాలంలో ఇంగ్లండులో ఉండగా దాన్ని టీవీ నుంచి రికార్డు చేసుకున్నాం. దాని చివరి అయిదు నిమిషాలు మాత్రం మొన్నటి సంక్రాంతి దాకా నేను చూడలేదు.

ఎందుకు చూడలేదో చెప్పాలంటే కొంచెం లెక్క చెప్పాలి. మా దగ్గర ఉన్నది ఇ-240 రకం టేపు, అంటే 4 గంటలు పడుతుంది. అప్పట్లో వాటి ధర మాకు ఎక్కువే కాబట్టి అంగుళం కూడా వృథా పోనిచ్చేవాళ్ళం కాదు. ఇండియన్ సరుకుల కొట్టులో అద్దెకు తెచ్చిన తెలుగు సినిమాను స్నేహితుల వీసీఆర్ కూడా తెచ్చి, రెండిటినీ కలిపి కాపీ చేసుకున్నాం. దానికి 155 నిమిషాలు పోగా 85 నిమిషాల టేపు మిగిలింది. ఈ ఇంగ్లీషు సినిమా నిడివి దాదాపు గంటన్నర. సినిమాహాల్లో సెకనుకు 24 ఫ్రేములు నడిచే బొమ్మ అక్కడి టీవీలో 25 ఫ్రేముల లెక్కన నడుస్తుంది కాబట్టి మూడు నాలుగు నిమిషాలు తగ్గుతుందని, టేపు దాదాపు సరిపోతుందని మావారు కాగితం మీద లెక్కవేసి చూపించారు. లెక్క తప్పు కాదు. కానీ ఆ కార్యక్రమం అర్ధరాత్రి దాటాక ఉండడం వల్ల, ఎందుకైనా మంచిదని టైమరును అయిదు నిమిషాలు ముందుకు పెట్టి పడుకున్నారు. ఆ అయిదు నిమిషాలూ ఏవో వాతావరణ సూచనలకు ఖర్చయిపోయి, సినిమా తోక తెగిపోయింది.

కథ ఒక చిన్న కాలేజీలో జరుగుతుంది. నార్మన్ టేలర్ అనే ప్రొఫెసరు మూఢనమ్మకాల గురించి పాఠం చెబుతూ నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో ‘ఐ డూ నాట్ బిలీవ్’ అని రాస్తాడు. అతీత శక్తులన్నింటినీ మట్టి కరిపించడానికి ఈ నాలుగు మాటలు చాలునన్నది అతని ధీమా. సినిమా మొత్తం ఆ ‘నాట్’ అనే మూడక్షరాల ముక్క చుట్టూ తిరిగి, ఆఖరున అతని వీపే ఆ ముక్కను బల్ల మీదినుంచి తుడిచేస్తుంది. మిగిలేది ‘నేను నమ్ముతాను’ అన్న వాక్యం. మొదటిసారి చూసినప్పుడే నాకు తోచిన విషయం ఒకటుంది. ఇదే సినిమాను తెలుగులో తీయడం కుదరదు. మన భాషలో కాదనడం విడి మాటగా బయట నిలబడదు, క్రియ కడుపులోనే కలిసిపోయి ఉంటుంది. ‘నేను నమ్మను’ అన్న వాక్యంలో ఏ అక్షరం తుడిచినా నమ్మకం మిగలదు, ‘నమ్మ’ అన్న సగం మాట మిగులుతుంది. ‘నమ్మడం లేదు’ అని రాసి ‘లేదు’ చెరిపితే ‘నమ్మడం’ అనే నామవాచకం గాలిలో వేలాడుతుంది. ఈ సంగతి మావారితో అంటే, తెలుగు హేతువాదికి భాష కూడా కాపలా కాస్తుందన్నమాట అని నవ్వారు.

మావారిది విజయవాడ. నాస్తిక కేంద్రం వాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహిమ ఏమీ లేదని జనానికి చెప్పే సభలకు చిన్నప్పటినుంచి వెళ్ళిన మనిషి. 1980లలో తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరుతో మనుషుల్ని కొట్టి, పళ్ళూడగొట్టిన వార్తలు వచ్చినప్పుడు ఆయన అన్నం తినలేకపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. అందువల్ల ఆయనకు నార్మన్ మీద మొదటినుంచీ సానుభూతి. నాకు మాత్రం నార్మన్ కంటే అతని భార్య టాన్సీ మీదే కన్ను.

ఆ సినిమాలో నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేని ఘట్టం ఒకటుంది. నార్మన్ ఇంట్లో సాటి అధ్యాపకులు, వాళ్ళ భార్యలు చేరి పేకాట ఆడతారు. నవ్వులు, పానీయాలు, ఎవరికి పదోన్నతి వస్తుందన్న గుసగుసలు. అందరూ వెళ్ళిపోయిన మరుక్షణం టాన్సీ మొహం మారిపోతుంది. దిండ్ల కింద, కుర్చీల మడతల్లో, తివాసీ అంచుల్లో పిచ్చిదానిలా వెతుకుతుంది. భర్త అడిగితే సరుకుల చీటీ పోయింది, దానికోసం వెతుకుతున్నానంటుంది. చివరికి దీపం గొడుగు లోపల ఎవరో గుచ్చిపోయిన చిన్న బొమ్మ దొరుకుతుంది. వచ్చిన అతిథుల్లో ఒకరు తన భర్త కీడు కోరి పెట్టిపోయిన బొమ్మ అది. సంగీతం పెద్దగా లేదు, రక్తం లేదు, దయ్యం లేదు. ఒక ఇల్లాలు తన ఇంటిని తానే సోదా చేసుకోవడం, అంతే. జానెట్ బ్లేర్ అనే అమెరికన్ నటి ఆ వేషం వేసింది. ఆ వేళ్ళ కంగారులో ఉన్న భయం నాకు మరే భయానక చిత్రంలోనూ కనబడలేదు.

ఆ ఘట్టం నాకు అంతగా పట్టుకోవడానికి నా కారణం నాకుంది. మేము ఆ ఊరికి వెళ్ళిన కొత్తలో మావారి విభాగంలోని అధ్యాపకుల భార్యలు నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో టీకి చేరేవారు. నన్నూ పిలిచేవారు. అందరూ మర్యాదస్థులే, నాకు ఎవరూ ఏ కీడూ తలపెట్టలేదు. అయినా ఎవరి భర్త వ్యాసం అచ్చయింది, ఎవరి ఉద్యోగం ఇంకో మూడేళ్ళకు పొడిగించారు అన్న కబుర్లు బిస్కెట్ల పళ్ళెంతో పాటు చేతులు మారుతుంటే, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసే చూపు మా వీధి అరుగుల మీద చూసినదే. దానికి తెలుగులో పేరుంది. ఇంగ్లీషులో పేరు తెలియక నేను బిస్కెట్టు తింటూ కూర్చునేదాన్ని.

మా పాపకు అప్పుడు పదకొండు నెలలు. ఒకసారి ఆ టీ మా ఇంట్లోనే జరిగింది. అందరూ పాపను ఎత్తుకుని ముద్దుచేసి వెళ్ళారు. ఆ రాత్రి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మా అమ్మ సామానులో కట్టిపెట్టిన ఎండుమిరపకాయలు, రాళ్ళ ఉప్పు, ఆవాలు గుప్పిట్లోకి తీసుకుని, మావారు స్నానాల గదిలో ఉన్న సమయం చూసి, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అనుకుంటూ పిల్ల చుట్టూ తిప్పి గ్యాస్ పొయ్యి మీది మూకుట్లో పడేశాను. దిష్టి తగిలి ఉంటే మిరపకాయ ఘాటు రాదంటారు. ఘాటు వచ్చిందో లేదో చూసుకునే లోపలే వంటింటి కప్పుకు బిగించిన పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. కింది వాటాలో ఉండే పెద్దావిడ నైటీ మీద కోటు తొడుక్కుని మెట్లెక్కి వచ్చి, ఏమైందమ్మా అని అడిగింది. కూర మాడిందని చెప్పాను. ఆమె వంటగదిలోకి తొంగిచూసింది. పొయ్యి మీద గిన్నె లేదు, కూర లేదు, నల్లగా మాడిన మిరపకాయలున్న ఇనుప మూకుడు మాత్రమే ఉంది. తువ్వాలుతో తల తుడుచుకుంటూ బయటికొచ్చిన మావారు కూడా దాన్ని చూశారు. ఏమీ అనలేదు. కుర్చీ ఎక్కి అలారంలోంచి బ్యాటరీ తీశారు. ఇది జరిగిన రెండు మూడు నెలలకు ఆ సినిమా చూశాం కాబట్టి, టాన్సీ సరుకుల చీటీ మాట చెప్పగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం.

నవ్వు తరువాతి ఘట్టం దాకానే. భార్య సొరుగులో ఒక చిన్న జాడీలో చచ్చిన సాలీడు దొరకడంతో నార్మన్ అనుమానం మొదలై, ఇంట్లో మూలమూలనా, తన బట్టల్లో సైతం, ఆమె దాచిన రక్షలు బయటపడతాయి. జమైకాలో ఉన్నప్పుడు నేర్చుకున్న విద్య అని, వాటివల్లే నువ్వు క్షేమంగా ఉన్నావని ఆమె ప్రాధేయపడుతుంది. అతను వినడు. అన్నీ పొయ్యిలో వేయిస్తాడు. అతను చెడ్డవాడు కాదు, భార్య మీద ప్రేమ లేనివాడూ కాదు. ఆమె చేస్తున్నది పిచ్చి కాబట్టి నయం చేస్తున్నానని నిజంగా అనుకుంటాడు. అక్కడినుంచి లారీ కింద పడబోవడం, చదువుకునే అమ్మాయి నీచమైన నింద మోపడం, ఆమె ప్రియుడు తుపాకీ తీసుకుని రావడం వరసగా జరుగుతాయి. ప్రతిదానికీ మామూలు కారణం ఒకటి చెప్పుకోవచ్చు. చూసేవాళ్ళకు మాత్రం పొయ్యిలో కాలిన ఆ పొట్లాలే గుర్తొస్తుంటాయి. ఈ రెండు దారుల్నీ ఆఖరు దాకా తెరిచి ఉంచడం రచయితల గొప్ప. ఫ్రిట్జ్ లైబర్ 1943లో ఒక పత్రికలో రాసిన ‘కాంజ్యూర్ వైఫ్’ అనే నవల దీనికి మూలం. రిచర్డ్ మాథెసన్, చార్లెస్ బోమాంట్ అనే ఇద్దరు అమెరికన్ రచయితలు స్క్రీన్‌ప్లే రాయగా, జార్జ్ బ్యాక్స్ట్ కూడా చేయివేశాడు. నవలలో నార్మన్‌కు కీడు చేసే మంత్రగత్తెలు ఒకరు కాదు, ముగ్గురు అధ్యాపకుల భార్యలు. సినిమాలో వాళ్ళను ఒక్కరికే కుదించారు. అది మంచిపనే అయింది.

దర్శకుడు సిడ్నీ హేయర్స్‌ను గొప్పవాళ్ళ జాబితాలో ఎవరూ చేర్చరు. అయినా ఈ సినిమాలో ఆయన కెమెరాను నిలబెట్టిన చోట్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కాలేజీ కప్పు మీద రెక్కలు విప్పి కూర్చున్న రాతి గద్ద ఉంటుంది. దాన్ని మొదటినుంచీ ఏదో ఒక మూలగా చూపిస్తూనే ఉంటారు. మేము దాన్ని అద్దెకు తీసుకున్న చిన్న టీవీలో, రికార్డయిన బొమ్మ అంచులు వణుకుతూ ఉండగా చూసినప్పుడు, అది రాయో నిజం పక్షో తెలియని ఒక మసక మచ్చగా కనబడేది. ఆ మసకే మాకు సగం భయం పెట్టింది.

నిజానికి ఈ సినిమాలో మంత్రం వేసేది టేపే. తుఫాను రాత్రి నార్మన్ తన పాఠం రికార్డు చేసిన టేపును వింటుంటే, మాటల అడుగున మరో వికృతమైన చప్పుడు వినిపిస్తుంది, తలుపు బయట ఏదో అరుస్తుంది, ఫోను మోగుతుంది. చివరికొచ్చేసరికి అదే టేపును కాలేజీ లౌడ్‌స్పీకర్లలో వేస్తారు, దానితో రాతి గద్దకు ప్రాణం వచ్చి కొండంత పెరిగి అతన్ని తరుముతుంది. నిమ్మకాయ, పసుపు, ముగ్గు ఏవీ అక్కర్లేకుండా టేప్ రికార్డరుతో ప్రయోగం జరిపించడం 1962లో ఎంత కొత్తగా ఉండి ఉంటుందో! మా తరానికి టేపంటే ఇంట్లో మనిషే. ఆకాశవాణి పాటలు పట్టుకున్నదీ, అమ్మ గొంతును ఉత్తరం బదులు పోస్టులో తెచ్చి ఇచ్చిందీ అదే. అది పగబట్టడం అంటే ఇంట్లో పెంచిన కుక్క కరవడంలాంటిది.

మా కాపీలో గద్ద తలుపు బద్దలుకొట్టి లోపలికి వస్తుంది. నార్మన్ పాఠం చెప్పిన గదిలోకి పరుగెత్తుకొచ్చి నల్లబల్లకు వీపు ఆనించి నిలబడతాడు. ‘నాట్’ చెరిగిపోతుంది. అంతవరకూ ఉండి, టేపు టక్కుమని ఆగి, గిర్రున తనంతట తానే వెనక్కి తిరగడం మొదలుపెట్టేది. నార్మన్ బతికాడో లేదో తెలియదు. టాన్సీ సంగతి అసలే తెలియదు. మా ఇంటి వరకు ఈ సినిమా మొగుడు నమ్మడంతో ముగిసిన సినిమా. ముప్పై ఏళ్ళకు పైగా మా మధ్య అదో వేళాకోళం. నేను పాలు పొంగించినా, గుమ్మానికి గుమ్మడికాయ కట్టినా, బల్ల తుడుస్తున్నావా అనేవారు మావారు. 1996లో హైదరాబాదు తిరిగి వచ్చాక వీసీఆర్ పాడైపోయింది, క్యాసెట్టు అటకెక్కింది, వేళాకోళం మాత్రం మిగిలింది.

మొన్న సంక్రాంతికి మాంచెస్టరు నుంచి వచ్చిన మా అమ్మాయి సూట్‌కేసులోంచి ఈ సినిమా బ్రిటిష్ డీవీడీ తీసి ఇచ్చింది. ఏ రాత్రి దిష్టి తీస్తే అలారం మోగిందో, ఆ పిల్లే. మా ప్లేయర్‌లో పెడితే ఆడలేదు. అక్కడి డిస్కులకు ప్రాంతం సంఖ్య 2, మన దేశానికి 5 అట. చివరికి దాని ల్యాప్‌టాప్‌లో పెట్టి, భోగి రాత్రి ముగ్గురం మంచం మీద వరసగా కూర్చుని చూశాం.

స్పష్టత వల్ల పోయినవీ ఉన్నాయి, వచ్చినవీ ఉన్నాయి. గద్ద తరిమే ఘట్టంలో ఎక్కడ నిజం పక్షిని చిన్న నమూనాల మధ్య విడిచి పెద్దగా చూపించారో, ఎక్కడ బొమ్మను బొమ్మతో అతికారో ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు తెలిసిపోతుంది. మా అమ్మాయి నవ్వింది కూడా. కానీ రెజినాల్డ్ వయర్ కెమెరా పనితనం నాకు అసలు ఇప్పుడే కనబడింది. ఆ పేకాట రాత్రి తరువాత టాన్సీ వెతుకులాటలో ప్రతి నీడకూ ఒక అంచు ఉంది. నార్మన్‌గా వేసిన పీటర్ విన్‌గార్డ్ మొహంలో, మొదటి పాఠంలోని గర్వం కొంచెం కొంచెంగా కరగడం, చెమట చుక్కతో సహా కనబడుతుంది. సాటి అధ్యాపకుడి భార్యగా అసూయతో రగిలే పాత్రలో ఉన్నది కాథ్లీన్ బైరన్ అని కూడా మసక టేపులో నేను గుర్తుపట్టలేదు. హిమాలయాల్లోని సన్యాసినుల మఠం కథను చాలావరకు ఇంగ్లండు స్టూడియోలోనే తీసిన ‘బ్లాక్ నార్సిసస్’లో, 1947లో, ఎర్ర లిప్‌స్టిక్ పూసుకుని జనాన్ని హడలగొట్టిన మనిషి ఆమే.

ఈసారి చూస్తుంటే సినిమా మధ్యలో ఇంకో సంగతి కూడా పట్టింది. భర్త మీదికి వచ్చే చావును టాన్సీ తన మీదికి మళ్ళించుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్ళిపోతుంది. ఆమెను కాపాడుకోవడానికి నార్మన్, అంతకుముందు తాను వెక్కిరించిన తంతునే శ్మశానంలో తానే జరుపుతాడు. అంటే అతని బల్ల మీది మాట గద్ద రాకముందే చెరిగిపోయింది! తిరిగి వచ్చిన టాన్సీ మనసు తనది కాదు. ఒక రాత్రి కత్తి పట్టుకుని భర్త మీదికి వస్తుంది, వస్తూ కుంటుతుంది. టాన్సీకి కుంటు లేదు. కుంటేది ఫ్లోరా కార్, మరో ప్రొఫెసరు భార్య. ఈ మంత్రాంగమంతా నడిపిస్తున్నది ఎవరో అతనికి ఆ అడుగు చప్పుడుతో తెలుస్తుంది. మార్గరెట్ జాన్‌స్టన్ వేసిన ఆ ఫ్లోరా అరవదు, కళ్ళు ఉరమదు. నార్మన్ తన ముందు నిలబడి ఉండగా పేకముక్కలతో ఇల్లు కట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూ దానికి నిప్పంటిస్తుంది. అక్కడ టాన్సీ ఉన్న ఇల్లు అంటుకుంటుంది. మా టేపులో ఇదంతా ఉంది. ఉన్నా నేను చూసింది బల్ల కోసమే.

మావారు అన్నదీ నాకు నచ్చింది. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లోగాని రద్దు చేయలేదు, 1944లో కూడా ఆ చట్టం కింద హెలెన్ డంకన్ అనే ఆత్మలతో మాట్లాడే ఆవిడను జైల్లో పెట్టారు, నార్మన్ బల్ల మీద రాసే నాటికి ఆ చట్టం పోయి నిండా పదకొండేళ్ళే అన్నారు. పైగా అమెరికాలో ఇదే సినిమాను ‘బర్న్, విచ్, బర్న్’ అన్న పేరుతో విడుదల చేసినప్పుడు, మొదట చీకటి తెర మీద ప్రేక్షకులకు రక్షగా ఒక మంత్రం వినిపించి, హాల్లో ఉప్పు పొట్లాలు కూడా పంచారట. ఈ ఉప్పు సంగతి చదివి చెప్పింది మా అమ్మాయి. మావారు నా వైపు చూశారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

తరువాత నాకు కొత్తవైన ఆ అయిదు నిమిషాలు వచ్చాయి. గద్ద నార్మన్ మీదికి వస్తుంటే, ఫ్లోరా భర్త లిండ్సే ఆమె గదిలోకి వస్తాడు. అతనికి మంత్రాల సంగతేమీ తెలియదు. టేపు నడుస్తోంది, ఆపేస్తాడు. అంతే, గద్ద మాయమవుతుంది. నార్మన్‌ను కాపాడింది అతని నమ్మకమూ కాదు, అపనమ్మకమూ కాదు, ఏమీ తెలియని ఒక పెద్దమనిషి స్విచ్ మీద వేసిన వేలు. టాన్సీ మంటల్లోంచి బయటపడి భర్తను చేరుకుంటుంది. ఫ్లోరా మామూలు గృహిణిలా భర్తతో కలిసి కాలేజీ నుంచి బయటికి వెళ్తున్న వేళ కప్పు మీది రాతి గద్ద ఊడి ఆమె మీద పడుతుంది. నార్మన్‌కు గద్ద రెక్కల చప్పుడుతో వచ్చింది, ఫ్లోరాకు రాయిగానే వచ్చింది. చప్పుడు లేకుండా కీడు చేసినదానికి చప్పుడు లేని చావు. నాకు, నిజం చెప్పాలంటే, ఆమె మీద జాలి వేసింది. ఆ కాలేజీ అధ్యాపకుల భార్యల్లో అంత పట్టుదల, అంత తెలివి ఉన్నది ఆమె ఒక్కతే, ఆ తెలివి ఖర్చుపెట్టడానికి ఆమెకు దొరికింది పేకముక్కలూ ఒక టేపూ.

డిస్కు ఆగాక మా అమ్మాయి పడుకోవడానికి వెళ్ళింది. మావారు ల్యాప్‌టాప్ మూయకుండా, లిండ్సే గదిలోకి వచ్చే చోటికి వెనక్కి తిప్పి, ఆ వేలు స్విచ్ మీద పడడం మళ్ళీ రెండుసార్లు చూశారు.

“ఇతను రావడం ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే?” అన్నారు.

“మనింట్లో ముప్పై ఏళ్ళు అసలు రానే లేదుగదండీ” అన్నాను.